ఒక చిన్న దేశం – ఒక పిల్లల పత్రిక

పటంలో బ్రిటన్ దీవిని చూడండి. పడమటి వైపున సముద్రంలోకి పొడుచుకువచ్చిన ముక్క ఒకటి కనబడుతుంది. అదే వేల్సు దేశం. దాని విస్తీర్ణం సుమారు 8,000 చదరపు మైళ్లు. అంటే, రెండుగా విడదీయక ముందరి మన అనంతపురం జిల్లా కన్న కాస్త పెద్దది, అంతే! అక్కడ కొండలూ, గొర్రెలమందలూ, పలకరాతి గనులూ ఉన్నాయి. ఒకప్పుడు బొగ్గుగనులు ఎన్నో ఉండేవి. వానలకైతే కొదవే లేదు.

"వేల్సు" అన్నది ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు. అక్కడివాళ్లు తమ దేశాన్ని "కమ్రి" అంటారు. వాళ్ల సొంత భాష వెల్షు. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినవాడికైనా వెల్షు ఒక్కముక్క అర్థం కాదు. అందులో ఒక వింత ధ్వని ఉన్నది. "ల" అనబోతున్నట్టుగా నాలుకను పైపళ్ల వెనక ఆనించండి. గొంతు పలికించకుండా, నాలుక పక్కలనుంచి గాలి గట్టిగా ఊదండి. అదీ ఆ ధ్వని! ఎదురుగా ఎవరూ లేనప్పుడు ప్రయత్నిస్తే మంచిది. తుంపరలు పడతాయి.

వేల్సువాళ్లతో మీకు ముందే కొంత పరిచయం ఉన్నది. లెక్కల్లో వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి "పై" అనే గుర్తు వాడతారు కదా? 1706లో ఆ గుర్తును ఆ అర్థంలో మొదట అచ్చు వేయించినవాడు విలియం జోన్సు. ఆయన వేల్సులోని ఆంగ్లిసీ దీవివాడు. 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపించి, సంస్కృతం నేర్చి, శాకుంతలాన్ని ఇంగ్లీషు చేసిన సర్ విలియం జోన్సు ఆయన కొడుకే.

మొదటి ప్రపంచయుద్ధానికీ రెండవదానికీ నడుమ ఈ చిన్న దేశంలో కొన్ని గొప్ప సంగతులు జరిగాయి. వాటిలో ఎక్కువభాగం మీ ఈడు పిల్లలకు సంబంధించినవే. కాని కథ ఒక కుర్చీతో మొదలుపెట్టాలి.

వేల్సులో ఏటా "ఐస్టెడ్‌వొడ్" అనే పెద్ద ఉత్సవం జరుగుతుంది. పాటలు పాడతారు, వీణవంటి హార్ప్ వాయిస్తారు, అన్నిటినీ మించి కవులు పోటీ పడతారు. వాళ్ల కవిత్వానికి మన యతిప్రాసల వంటి కట్టుబాట్లు ఉన్నాయి. పాదం మొదటి సగంలో హల్లులు ఏ వరసలో వస్తే రెండవ సగంలోనూ అదే వరసలో రావాలి. మొదటి సగంలో "మాట" అని ఉంటే, రెండవ సగంలో "మూట" అనో "మేటి" అనో ఉండాలన్నమాట. ఒక్క మాటకు ఫరవాలేదు. పాదం పొడుగునా, కావ్యం పొడుగునా అట్లా నడపాలంటే ఎంత కష్టమో ఊహించండి! నెగ్గిన కవికి బహుమతిగా చెక్కడపు పని చేసిన పెద్ద కుర్చీ ఇస్తారు. పోటీలో కవి తన అసలు పేరు రాయకూడదు, మారుపేరు రాయాలి. ఉత్సవం రోజున బాకాలు ఊది ఆ మారుపేరు పిలుస్తారు. వేలజనంలోనుంచి కవి లేచి నిలబడతాడు.

1917 సెప్టెంబరులో ఈ ఉత్సవం బర్కెన్‌హెడ్ అనే ఊళ్లో జరిగింది. బ్రిటన్ ప్రధానమంత్రి లాయిడ్ జార్జి కూడా వచ్చాడు. ఆయన మాతృభాష వెల్షే. బాకాలు మోగినాయి. నెగ్గిన కవి మారుపేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. అప్పటికీ ఎవరూ లేవలేదు.

ఆ కవి ఎల్లిస్ ఎవాన్సు అనే 30 ఏళ్ల గొర్రెలకాపరి. కవిత్వానికి "హెద్ విన్" అని పేరు పెట్టుకున్నాడు. పావనమైన శాంతి అని దాని అర్థం. పట్టాళంలో చేరక తప్పక చేరి, తన కావ్యాన్ని యుద్ధరంగం నుంచి పంపాడు. బెల్జియంలో జూలై 31న, ఉత్సవానికి అయిదువారాల ముందు, యుద్ధంలో చనిపోయాడు. ఆ సంగతి చెప్పి, ఖాళీ కుర్చీ మీద నల్లబట్ట కప్పారు. సభలో ఏడవనివాళ్లు లేరు. ఆ కుర్చీ చెక్కినవాడు ఎవరనుకున్నారు? యుద్ధానికి భయపడి బెల్జియం నుంచి పారిపోయి వచ్చిన ఒక వడ్రంగి! కాందిశీకుడు ఇక్కడ కుర్చీ చెక్కుతూ ఉంటే, ఆ కుర్చీలో కూర్చోవలసినవాడు అక్కడ అతని దేశపు మట్టిలో కలిశాడు. ఆ కుర్చీని కవి ఇంటికి, ట్రౌస్‌వనిద్ గ్రామంలోని పొలపు ఇంటికి చేర్చారు. ఈనాటికీ అది అక్కడే ఉన్నది, చూడవచ్చు.

ఆ యుద్ధంలో పోయిన వేల్సువాళ్లు సుమారు 35,000 మంది. అంత చిన్న దేశంలో దుఃఖం తాకని ఊరు లేదు. అందుకే యుద్ధం ముగిశాక "ఇక యుద్ధాలు వద్దు" అన్న మాట అక్కడ అందరి నోటా వినిపించింది.

1923లో వేల్సు స్త్రీలు ఒక పని మొదలుపెట్టారు. దేశాల మధ్య తగవులు మాటలతో తీర్చటానికి అప్పట్లో నానాజాతి సమితి అని ఉండేది. అమెరికా అందులో చేరలేదు. "మీరు కూడా చేరండి" అని అమెరికా స్త్రీలకు విన్నపం రాసి, కొండలెక్కి, లోయలు దిగి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించారు. ఎన్ని సంతకాలనుకున్నారు? 3,90,296! కాగితాలు ఒకదాని కొస ఒకటి అంటిస్తే ఏడుమైళ్ల పొడవన్నారు. వాటిని ఓక్ చెక్కపెట్టెలో పెట్టి, అన్నీ హ్యూస్ గ్రిఫిత్సు అనే ఆవిడ నాయకత్వాన 1924లో ఓడలో అమెరికా తీసుకుపోయారు. అధ్యక్షుడు కూలిడ్జి వాళ్లను ఆదరంగా చూశాడు. అయినా అమెరికా సమితిలో చేరలేదు. పెట్టె మాత్రం వాషింగ్టన్ మ్యూజియంలో ఉండిపోయింది. దాదాపు నూరేళ్లు గడిచాక, 2023లో, దానిని వేల్సుకు తిరిగి పంపారు. ఇప్పుడు వేల్సువాళ్లు ఆ కాగితాలలో తమ ముత్తవ్వల సంతకాలు వెతుక్కుంటున్నారు.

పెద్దలే కాదు, పిల్లలు కూడా తమ మాట చెప్పారు. గ్విలిం డేవీస్ అనే పాదిరీకి ఒక ఆలోచన వచ్చింది. వేల్సు పిల్లల పేరుతో లోకంలోని పిల్లలందరికీ ఒక సందేశం పంపితే? సందేశంలో ఏమున్నదంటే: మీరూ మేమూ తగవులు లేకుండా ఉండాలి, మేం పెద్దవాళ్లమైనాక దేశాభిమానం పేరిట ఒకరినొకరు చంపుకునే అవసరం రాకూడదు – ఇదీ సారాంశం. సరే, పంపటం ఎట్లా? అది 1922 జూన్. బి.బి.సి. రేడియో ఇంకా పుట్టనేలేదు. ఆ ఏడు నవంబరులో గాని దాని ప్రసారాలు మొదలు కాలేదు. అందుచేత టెలిగ్రాం మాదిరిగా చుక్కలూ గీతలుగా, మోర్సు సంకేతాలలో, తంతి లేకుండా ఆకాశంలోకి పంపారు. "టక్ టక్" మంటూ పోయిన ఆ మాటలను పారిస్‌లో ఈఫిల్ టవరు మీది స్టేషనువాళ్లు అందుకుని, తిరిగి లోకానికి ప్రసారం చేశారు. తరవాతి ఏళ్లలో చాలా దేశాలనుంచి జవాబులు వచ్చాయి. ఆ సందేశాలు ఆగలేదు. ఇప్పటికీ ప్రతి ఏటా మే 18న వేల్సు పిల్లలు ఒక సందేశం పంపుతారు. 2022లో, నూరవ ఏట, భూమి వేడెక్కిపోతున్న సంగతి మీద రాశారు.

అదే 1922లో ఇంకొక సంగతి కూడా జరిగింది. అది జరిగింది సరిగ్గా ఇట్లాంటి పిల్లల పత్రికలోనే!

దాని మూలం తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి. సుమారు నూట యాభై ఏళ్ల కిందట వేల్సులోని చాలా బళ్లలో వెల్షు మాట్లాడనిచ్చేవాళ్లు కారు. ఎవడైనా వెల్షులో మాట్లాడుతూ దొరికితే, వాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవాళ్లు. వాడు ఆ చెక్కను వదిలించుకోవాలంటే ఒకటే మార్గం – వెల్షు మాట్లాడే ఇంకొక పిల్లవాణ్ణి పట్టివ్వటం. అట్లా చెక్క ఒక మెడ నుంచి ఇంకొక మెడకు పోతూ ఉండేది. చివరకు అది ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. శిక్ష మాట అట్లా ఉంచండి. స్నేహితుణ్ణి స్నేహితుడే పట్టివ్వవలసి రావటం అంతకన్నా పాడుపని కాదూ?

లనివ్లిన్ అనే పల్లెటూళ్లో ఓవెన్ ఎడ్వర్డ్సు అనే కుర్రవాడి మెడలో ఆ చెక్క పడింది. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట బళ్లో నేరమెట్లా అయిందో అతనికి బోధపడలేదు. అతను ఎవరినీ పట్టివ్వలేదు. కనుక చెక్క అతని మెడలోనే ఉండిపోయేది. ఈ కుర్రవాడు పెద్దవాడై ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించాడు. తరవాత వేల్సులోని బళ్లన్నిటి మీదా ముఖ్య తనిఖీ అధికారి అయినాడు! బళ్లలో వెల్షు చెప్పాలని పట్టుబట్టాడు. అంతకు ముందే, 1892లో, పిల్లలకోసం వెల్షులో ఒక మాసపత్రిక పెట్టాడు. దాని పేరుకు "పిల్లల వేల్సు" అని అర్థం.

1920లో ఆయన పోయినాడు. పత్రిక కొడుకు చేతికి వచ్చింది. కొడుకు పేరు ఈవన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్సు. "అబ్ ఓవెన్" అంటే ఓవెన్ కొడుకు అని అర్థం. ఈవన్ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. బళ్లలో చెక్కముక్కలు లేవు సరే, అయినా పరిస్థితి బాగున్నట్టు తోచలేదు. పట్టణాలలో పిల్లలు ఇంగ్లీషులో ఆడుకుంటున్నారు, ఇంగ్లీషు కథలు చదువుతున్నారు, ఇంగ్లీషు స్కౌట్ దళాలలో చేరుతున్నారు. వెల్షు అంటే ముసలివాళ్లూ, చర్చీలూ అనే అభిప్రాయం ఏర్పడుతున్నది. భాష దెబ్బలవల్ల పోలేదు గాని, ఆటలవల్ల పోయేట్టున్నది! అప్పుడతను 1922 జనవరి సంచికలో పిల్లలను పిలిచాడు. మన భాషలో ఆడుకుందాం, మన భాషలో మాట్లాడుకుందాం, అందుకొక సంఘం పెడదాం, చేరేవాళ్లు పేర్లు పంపండి అన్నాడు.

పేర్లు రాసాగాయి. ఏడాది తిరిగేసరికి 720 మంది పిల్లలు చేరారు. పదేళ్లయేసరికి వేలకు వేలు! సంఘానికి "ఇర్ద్" అని పేరు. పూర్తి పేరుకు "వేల్సు ఆశా సంఘం" అని అర్థం. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగుల మూడుకోణాల బిళ్ల వాళ్ల గుర్తు. ఆకుపచ్చ దేశానికి, ఎరుపు తోటిమనిషికి, తెలుపు క్రీస్తుకు. ఈవన్ భార్య ఐరిస్ కూడా మొదటినుంచీ ఈ పనిలో చెయ్యి కలిపింది. ఇద్దరూ కలిసి ఆ ఉత్తరాలన్నీ చూసుకునేవాళ్లు.

ఈవన్ చాలా తెలివైనవాడు. "మీ భాష గొప్పది, కాపాడండి" అని పిల్లలకు ఉపన్యాసాలు చెబుతూ కూర్చుంటే ఎవరు వింటారు? అతను 1928లో గుడారాలు వేసి వేసవి శిబిరం నడిపాడు. మరుసటి ఏడు కోర్వెన్‌లో పిల్లలకు ప్రత్యేకంగా ఐస్టెడ్‌వొడ్ పెట్టాడు. 1932లో సముద్రం ఒడ్డున లంగ్రానోగ్ అనే చోట శాశ్వతమైన శిబిరం ఏర్పాటు చేశాడు. ఈదటం, పరుగెత్తటం, పాడటం, రాత్రిపూట మంటచుట్టూ కథలు – అన్నీ వెల్షులోనే. 1935లో పలకరాతి గని పనివాళ్ల కథతో ఒక సినిమా కూడా తీశాడు. వెల్షులో మాట్లాడిన మొదటి సినిమా అదే. నటులు ఆ గనుల ఊరివాళ్లే. సినిమాహాలు లేని పల్లెలకు యంత్రాలన్నీ మోసుకుపోయి ఊరూరా చూపించారు.

ఈ ఆటపాటలన్నీ ఎటువంటి రోజుల్లో జరిగాయో కూడా చెప్పాలి. దక్షిణ వేల్సు బతుకంతా బొగ్గుమీదనే. 1920లో అక్కడి గనులలో రెండున్నర లక్షలకు పైగా పనివాళ్లుండేవాళ్లు. తరవాత ఓడలు బొగ్గు మాని చమురుతో నడవసాగాయి. ఇతర దేశాల బొగ్గు చవకగా దొరికింది. గనులు మూతపడ్డాయి. 1926లో కూలి తగ్గించి, పనిగంటలు పెంచుతామన్నారు యజమానులు. ఒప్పుకోని పనివాళ్లకు ఏడునెలలు గనుల తలుపులు మూసేశారు. పిల్లలకు ఊరుమ్మడి వంటశాలలలో గంజీ సూపూ పోశారు. ఆకలి మరిచిపోవటానికి కాబోలు, కుర్రకారు చిత్రవిచిత్రమైన వేషాలు వేసి, బూరలు ఊదుకుంటూ ఊరూరా పోటీలకు పోయేవాళ్లు! 1932లో వేల్సు కార్మికులలో ప్రతి పదిమందికీ సుమారు నలుగురికి పని లేదు. పని వెతుక్కుంటూ కుటుంబాలు ఇంగ్లండులోని మోటారు కార్ఖానాల ఊళ్లకు వలసపోయాయి. రెండు యుద్ధాల నడుమ నాలుగు లక్షల మంది దేశం వదిలారు. ఇంగ్లండులో పెరిగిన పిల్లలకు వెల్షు ఎక్కడినుంచి వస్తుంది?

అయితే, ఆ బొగ్గులోయలలో ఒక్క వింత చూడాలి. గనిపనివాళ్లు వారం వారం తమ కూలిలోనుంచి కొన్ని పెన్నీలు తీసి పోగుచేసి, సొంతంగా గ్రంథాలయాలు కట్టుకున్నారు. అటువంటివి నూరుకు పైగా ఉండేవి. ట్రెడిగర్ ఊళ్లో 13 ఏళ్లకే గనిలో దిగిన అన్యూరిన్ బెవాన్ అనే కుర్రవాడు అట్లాంటి గ్రంథాలయంలోనే చదువుకున్నాడు. అతనికి నత్తి. నత్తి వచ్చే మాటకు బదులు వేరే మాట వెతుక్కోవాలని నిఘంటువులు తిరగేసేవాడు. 1929లో పార్లమెంటు సభ్యుడై, గొప్ప వక్త అనిపించుకున్నాడు. ట్రెడిగర్ పనివాళ్లు కూలిలోనుంచి కొంత తీసి డాక్టర్లను పెట్టుకునేవాళ్లు. బెవాన్ మంత్రి అయినాక, 1948లో, బ్రిటన్‌లో ప్రతివాడికీ ఉచితంగా వైద్యం దొరికే ఏర్పాటు చేశాడు. తన ఊళ్లో చూసినదే దేశమంతా చేశాడన్నమాట.

మరి వెల్షు సంగతి? 1901లో దేశజనాభాలో సగంమంది ఆ భాష మాట్లాడేవాళ్లు. 1931 నాటికి నూటికి 37 మంది. వాళ్లలో దాదాపు 98,000 మందికి వెల్షు తప్ప వేరే భాష రాదు. అయినా కోర్టుల్లో ఇంగ్లీషుదే అధికారం. 1936లో పెనిబెర్త్ అనే చోట ప్రభుత్వం విమానదళానికి బాంబులు వేయటం నేర్పే శిక్షణకేంద్రం కట్టబోయింది. వద్దని ఎంతమంది మొర పెట్టుకున్నా వినలేదు. అప్పుడు ఒక అధ్యాపకుడు, ఒక బడిపంతులు, ఒక పాదిరీ – ముగ్గురూ పేరుగలవాళ్లు – రాత్రిపూట అక్కడి కట్టడాలకు నిప్పుపెట్టి, తిన్నగా పోలీసు ఠాణాకు పోయి తామే ఆ పని చేశామని చెప్పారు. వేల్సులో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. విచారణ లండన్‌కు మార్చి, తొమ్మిదేసి నెలలు శిక్ష వేశారు. నిప్పుపెట్టటం న్యాయమా కాదా అన్న వాదం అక్కడ చాలాకాలం నడిచింది. కాని విచారణను దేశం దాటించటం మాత్రం వేల్సువాళ్లలో చాలామందికి కోపం తెప్పించింది. 1942లో, వెల్షువాళ్లు కోర్టుల్లో తమ భాష వాడుకోవటానికి కొంత వీలు ఇస్తూ చట్టం వచ్చింది.

1939 సెప్టెంబరులో మళ్లీ యుద్ధం వచ్చింది. బాంబులు పడతాయని లివర్‌పూల్ నగరం నుంచి పిల్లలను రైళ్లలో ఎక్కించి వేల్సుకు పంపారు. పాపం, వాళ్ల తప్పేమున్నది? వాళ్లలో చాలామంది అమ్మానాన్నలను విడిచివచ్చినవాళ్లే. కాని అబరిస్ట్‌విత్ పట్టణంలో బడి ఆ పిల్లలతో కిక్కిరిసిపోయింది. అంతా ఇంగ్లీషే అయింది. ఈవన్ అక్కడే ఉంటున్నాడు. అతని కొడుక్కి బడి ఈడు వచ్చింది. ఆ పిల్లవాడి పేరు కూడా తాత పేరే – ఓవెన్.

సెప్టెంబరు 25న ఇర్ద్ సంఘం భవనంలో ఒక కొత్త బడి తెరిచారు. పాఠాలన్నీ వెల్షులో చెప్పే మొదటి ప్రాథమిక పాఠశాల అది. పంతులమ్మ నోరా ఐజాక్. ఆవిడకు అప్పుడు 24 ఏళ్లు. పిల్లలు ఎంతమందంటే – ఏడుగురు! "ఏడుగురితో బడేమిటి? రేపు ఈ పిల్లలకు ఇంగ్లీషు రాకపోతే గతేమిటి?" అని అనుమానపడినవాళ్లున్నారు. మీ ఇళ్లలో కూడా ఇటువంటి మాటలు వినే ఉంటారు.

ఇంగ్లీషు రాకపోవటమన్నది జరగలేదు. బడి పెరిగింది. 1947 మార్చి 1న లనెల్లి పట్టణంలో ప్రభుత్వ ఖర్చుమీద మొదటి వెల్షు బడి తెరిచారు. ఇప్పుడు అటువంటి బళ్లు వందలకొద్దీ ఉన్నాయి. వెల్షుకు గండం గడిచిందని మాత్రం అనటానికి లేదు. 2021 లెక్కలప్రకారం దాన్ని మాట్లాడగలవాళ్లు అయిదులక్షల ముప్ఫై ఎనిమిదివేల మంది, నూటికి 18 కన్న కాస్త తక్కువ. కొండలమీది పల్లెల్లో మాట్లాడేవాళ్లు తగ్గుతుంటే, రాజధాని కార్డిఫ్‌లో బళ్లలో నేర్చుకునేవాళ్లు పెరుగుతున్నారు.

మొదటి బళ్లో కూర్చున్న ఆ ఏడుగురిలో ఒకడైన ఓవెన్ ఎడ్వర్డ్సు పెద్దవాడై రేడియో, టెలివిజన్‌లలో పనిచేశాడు. 1982 నవంబరు 1న వెల్షుకు సొంత టెలివిజన్ చానెలు మొదలైంది. మెడలో చెక్క వేసినా స్నేహితులను పట్టివ్వని ఆ కుర్రవాడి మనుమడే దానికి మొదటి అధిపతి.